కరివేపాకు పక్కన షాలిమార్

సుందర్ రావు సారు ఇంట్లో ఫ్రిజ్ కింది అరలో, కరివేపాకు కట్టకూ అల్లం ముక్కకూ మధ్య, ఒక ఫ్రాన్సు సెంటు సీసా ఉండేది. దాని పేరు షాలిమార్. తయారుచేసిన కంపెనీ గెర్లాన్. ఆ కంపెనీ పారిస్‌లో పద్దెనిమిది వందల ఇరవై ఎనిమిదిలో మొదలైంది. ఈ సంగతి హన్మకొండలో సారుకు పరిచయమున్న ప్రతి మనిషికీ తెలుసు. చెప్పమని వాళ్ళెవరూ అడగలేదు, అది వేరే విషయం.

ఆయన ముప్ఫై అయిదేళ్ళు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాడు. రిటైరైనవాళ్ళలో కొందరు పొద్దున్నే నడక పట్టుకుంటారు, కొందరు షుగరు పట్టుకుంటారు. సారు సెంట్ల చరిత్ర పట్టుకున్నాడు. గడ్డి కోసినప్పుడు వచ్చే వాసన లాంటిది లేబొరేటరీలో పుట్టించి, దాన్ని సెంటులో కలిపి హుబిగాన్ అనే కంపెనీ పద్దెనిమిది వందల ఎనభై రెండులో ఎలా పేరు తెచ్చుకున్నదో కూరగాయలమ్మే యాకమ్మకు వీధిలో నిలబెట్టి వివరించాడు. యాకమ్మ తలమీది గంప దించకుండానే అంతా విన్నది.

"గట్లనా సారూ. కొత్తిమీర ఒక కట్టనా, రెండా?" అన్నది.

మడికొండలో ఒక గృహప్రవేశంలో, భోజనాల బంతిలో, షానెల్ అనే పారిస్ దొరసాని ముందు నంబర్లు వేసిన శాంపిల్ సీసాలు పెడితే ఆమె అయిదో నంబరు సీసాను ఎంచుకుంటే ఆ సెంటుకు అదే పేరైన కథ చెప్పాడు. అటుపక్క కూర్చున్నవాడు పెరుగు కోసమని లేచి వెళ్ళి వేరే బంతిలో కూర్చున్నాడు. ఇటుపక్క సారు భార్య రెబెకాకు అన్న అయిన శాంసన్ కూర్చున్నాడు. డోర్నకల్‌లో ఉంటాడు, రైల్వేలో గార్డుగా చేసి దిగిపోయాడు. ఆయన మాత్రం కదల్లేదు.

"షాలిమార్ అంటే హౌరా దగ్గరి స్టేషన్ గదా బావా. నేను రెండుసార్లు పోయిన," అన్నాడు.

"అది కాదు శాంసన్. షాజహాను లాహోరుల ఏయించిన తోట. ఆ తోట పేరు మీద పారిస్‌ల..."

"స్టేషన్ గుడ మంచిగనే ఉంటది," అన్నాడు శాంసన్.

ఇంతకీ ఆ సీసా సారు కొన్నది కాదు. ఆయన అక్క హన్నాది. హన్నా ఆయనకంటే పద్నాలుగేళ్ళు పెద్ద. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనెత్తుకుని పెంచింది ఆమే. పెళ్ళి చేసుకోలేదు, డోర్నకల్ మిషను దవాఖానలో నర్సుగా బతుకంతా చేసింది. డెబ్బై ఒకటిలో అక్కడి విలాయతు డాక్టరమ్మ తన దేశానికి తిరిగిపోతూ, ఆరేళ్ళు తనతోపాటు కాన్పులు చేసిన హన్నా చేతిలో ఈ సీసా పెట్టి పోయింది. వార్డులో సెంటు పూసుకుని తిరిగితే రోగులకు కడుపులో తిప్పుతుంది కాబట్టి హన్నా దాన్ని ట్రంకుపెట్టెలో చీరల కింద దాచింది. తమ్ముడికి లెక్చరర్ ఉద్యోగం వచ్చిన రోజున తీసి ఇచ్చింది.

"నువ్వు కెమిస్ట్రీ సదివినవు గద తమ్మీ. దీని సంగతి నీకే ఎరుక," అన్నది.

ఆయనకేమీ ఎరుక లేదు. చాలా ఏళ్ళ తర్వాత ఒక ఇంగ్లిషు పత్రికలో ఆ సీసా బొమ్మ చూసి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పావురం తోక విప్పినట్టుండే ఆ నీలం గాజు మూత, కింద పళ్ళెంలా వెడల్పయిన ఒళ్ళు, అన్నీ అవే. ఆ రోజు నుంచి అది 'నా షాలిమార్' అయింది.

మూత తీయనే లేదు. మెడ చుట్టూ పలచని పొర ఒకటి కప్పి, దాని మీద సన్నని దారంతో ముడి వేసి ఉంది. పారిస్‌లో ఎవరో ఆడమనిషి చేత్తో వేసిన ముడి అది. ఇప్పటి షాలిమార్ అప్పటి షాలిమార్ కాదనీ, అందులో వేసే సరుకులు కొన్ని ఈ కాలంలో వేయనివ్వరనీ, పాత వాసన చూడాలంటే పాత సీసా ఒక్కటే దారి అనీ సారు చదివాడు. అంత చదివినవాడు మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. ఒక్కసారి గాలి తగిలితే మళ్ళీ వెనక్కి రాదు కదా అని భయం. వెలుతురు తగిలితే పాడవుతుందని బీరువాలో పెట్టాడు, ఓరుగల్లు ఎండలకు బీరువా కూడా కాలుతోందని ఫ్రిజ్‌లోకి మార్చాడు.

ఫ్రిజ్‌లో ఇంకో గండం వచ్చింది. ఓ క్రిస్మస్ పండక్కి వచ్చిన మేనల్లుడు, శాంసన్ కొడుకు విన్సెంట్, మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తెరిచి, ఆ సీసాను తీసి, టానిక్కు సీసాను ఊపినట్టు ఊపి, "స్ప్రే లేదా మామా దీనికి?" అని అడిగాడు. సారుకు రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు ఒక ఉపాయం తట్టింది. అది గొప్ప ఉపాయమని ఆయన అభిప్రాయం.

వాళ్ళ చర్చివాళ్ళలో ఎవరైనా చనిపోతే చూడ్డానికి వెళ్ళేవాళ్ళు పూలదండతో పాటు సెంటు పట్టుకెళ్తారు. శవపేటికలో పడుకోబెట్టిన మనిషి మీద ప్రతి ఇంటివాళ్ళూ తలా కాస్త చల్లుతారు. కబురు ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి ఇంట్లో ఒక సీసా ఎప్పుడూ ఉంటుంది. సారు ఇంట్లో అది గులాబీ సెంటు. ఎర్రగులాబీ బొమ్మ ఉన్న పొట్టి అట్టపెట్టెలో వస్తుంది. ఆ సెంటును బతికున్న మనిషెవరూ ముట్టరు. పిల్లలు కూడా ఆడుకోరు. ఆ వాసన ఇంట్లో వస్తే ఎవరు పోయారని అడుగుతారు. అంతకంటే కాపలా ఏముంటుంది? సారు గులాబీ సీసాను బాత్రూంలో ఫినాయిల్ డబ్బా వెనక పెట్టి, దాని అట్టపెట్టెలో షాలిమార్‌ను కూర్చోబెట్టి, ఫ్రిజ్‌లో కరివేపాకు పక్కన పెట్టాడు. అప్పటి నుంచి హాయిగా నిద్రపోయాడు. చావు కబుర్లు రాలేదని కాదు. వచ్చినప్పుడల్లా తానే ముందు లేచి, "నేను తెస్త, నేను తెస్త" అని బాత్రూంలోకి పరుగెత్తేవాడు. ఇంతటి పెద్దమనిషికి చావులంటే ఇంత హుషారేమిటని చుట్టాలు అనుకున్నారు.

ఇలా ఉండగా శోభారాణి ఫోన్ చేసింది. ఆమె ఒకప్పుడు సారు దగ్గర చదువుకున్నది, ఇప్పుడు ఒక ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ విభాగానికి పెద్ద.

"సార్, పద్దెనిమిదో తారీఖు మా పిల్లలకు ఏదన్నా ఒక టాపిక్ మీద మాట్లాడాలె సార్. మీకు ఇష్టమున్నది మాట్లాడున్రి. ఒక గంట."

మీకు ఇష్టమున్నది. ఒక గంట. ఆ రెండు మాటలూ ఆయనతో ఎవరూ అంతకుముందు కలిపి అనలేదు. ఫోన్ పెట్టేసి ఆయన ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడ్డాడు. నిర్ణయమైపోయింది. షాలిమార్ మూత ఆ వేదిక మీద తీస్తాడు. రెండు వందల మంది ఆడపిల్లలు, వినడానికే కూర్చోబెట్టినవాళ్ళు, వాళ్ళ ముందు దారం కోసి, పొర విప్పి, మొదటి వాసన తాను చూసి, ఆ తర్వాత వాళ్ళకు చూపిస్తాడు. ఇన్నాళ్ళూ దాచింది ఈ ఒక్క గంట కోసమేనని ఆయనకు తోచింది. అరవై నాలుగు స్లైడ్లు తయారుచేశాడు. తెల్లని చేతిగ్లవ్స్ కూడా తెచ్చుకున్నాడు.

హన్నాకు ఎనభై నిండాయి. రిటైరైనప్పటి నుంచి తమ్ముడి ఇంట్లోనే, వీధివైపు గదిలో ఉంటుంది. ఆ నెల మొదట్లో ఆయాసం ఎక్కువై దవాఖానలో వారం రోజులుండి వచ్చింది. వచ్చిన మర్నాడు మధ్యాహ్నం తమ్ముణ్ణి పిలిచింది.

"తమ్మీ, గా సీస ఉన్నదారా ఇంక?"

"ఉన్నది అక్కా. పద్దెనిమిదికి తీస్తాన్న, కాలేజీల."

"ఎట్లుంటదిరా దాని వాసన? నా దగ్గర పన్నెండేండ్లున్నది. ఒక్కనాడన్న చూడకపోతి."

సారు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. గెర్లాన్ తాతగారు వైద్యం చదివినవాడని మొదలుపెట్టాడు. ఆయన మనవడి కాలానికి వచ్చాడు. వెనీలా వాసన ఇచ్చే కొత్త మందును ఒక పాత సెంటులో ఒంపి చూస్తే షాలిమార్ పుట్టిందని చెప్పుకునే కథ, షాజహాను తోట, పారిస్ ఎగ్జిబిషన్, సీసా తయారుచేసిన గాజు కంపెనీ, ఏదీ వదల్లేదు. హన్నా మధ్యలో ఒకసారి, "జర తియ్యరా, చూస్త," అన్నది.

"గాలి తగుల్తది అక్కా. పద్దెనిమిది నాడు నిన్ను గుడ కారుల తోల్కపోత. ముందు వరుసల కూసుందువు."

"అప్పటిదాక ఉంటనో లేదో."

"గట్లనకు," అని, ఆయన నీలం మూత దగ్గరికి వచ్చాడు.

నలభై అయిదు నిమిషాలు చెప్పాడు. గుమ్మంలో గ్లూకోజు నీళ్ళ గ్లాసుతో రెబెకా నిలబడి ఉంది.

"ఎంత శ్రద్ధగ విన్నదో చూసినవా? కండ్లు మూసుకొని మరీ విన్నది," అన్నాడు సారు.

రెబెకా ఆయన వంక చూసి, నిద్రపోతున్న ఆడబిడ్డ వంక చూసి, గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

పదహారో తారీఖు పొద్దున హన్నా చాయకు లేవలేదు.

సారుకు ఏడుపు రాలేదు. అక్క పాదాలు పట్టుకుని మంచం చివర కూర్చున్నాడు. తాను ఏడవలేకపోవడం ఆయనకే వింతగా అనిపించింది. తర్వాత పనులు మీద పడ్డాయి. చర్చి అయ్యగారికి చెప్పాలి, శవపేటికకు చెప్పాలి, టెంటువాడికి చెప్పాలి. శోభారాణికి ఫోన్ చేస్తే, "అయ్యో సార్, వచ్చే వారం పెట్టుకుందాం, మీరు దాని ఫికరే చెయ్యకున్రి," అన్నది. ఫోన్ పెట్టేశాక, సీసా ఇంకో వారం భద్రంగా ఉండాలి కదా అన్న ఆలోచన ఆయన మనసులోకి వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే, రెండు రోజుల ఎండకు ఫ్రిజ్ తలుపు ఊరికే తీస్తారేమో, చల్లదనం పోతుందేమో అని కూడా అనుకున్నాడు.

పదిహేడు మధ్యాహ్నానికి వాకిట్లో టెంటు కింద వంద మంది దాకా చేరారు. శవపేటికలో హన్నాకు తెల్లచీర కట్టి, చేతుల మీద బైబిలు పెట్టారు. ఆమె పురుడు పోసిన పిల్లలు, ఇప్పుడు బట్టతలలు వచ్చినవాళ్ళు, డోర్నకల్ నుంచి రైల్లో దిగారు. అయ్యగారు ప్రార్థన చేశారు. పాట అయింది. ఒక్కొక్క ఇంటివాళ్ళూ వచ్చి దండ వేసి సెంటు చల్లి పోతున్నారు. గులాబీ, మల్లె, చందనం కలిసి, ఆ టెంటు కింద మామూలు చావు వాసనే వస్తోంది.

"ఇంటోళ్ళు ఏసిన్రా? ఇంటోళ్ళు రాన్రి," అన్నారు అయ్యగారు.

సారు బాత్రూం వైపు లేవబోయాడు. అప్పటికే రెబెకా లోపలి నుంచి వస్తోంది. ఆమె చేతిలో ఎర్రగులాబీ అట్టపెట్టె ఉంది. అట్ట మీద ఫ్రిజ్ చెమట పట్టి ఉంది.

సారు ఒక అడుగు ముందుకు వేశాడు. ఆగు అనాలి. అంటే వంద మందిలో తర్వాతి మాట కూడా చెప్పాలి. అది మా అక్క మీద చల్లేది కాదు అని చెప్పాలి. మరి ఎవరి మీద చల్లేది అని శాంసన్ తప్పకుండా అడుగుతాడు. సారు ముప్ఫై అయిదేళ్ళు పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పినవాడు. ఈ ఒక్కదానికి, వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

రెబెకా అట్టపెట్టె తెరిచి సీసా బయటికి తీసింది. నీలం మూత ఎండకు మెరిసింది. ఆడవాళ్ళు మెడలు చాచి చూశారు.

"ఇదేం సీసమ్మా, ఇట్లున్నది?" అన్నారెవరో.

రెబెకా మూత తిప్పింది. రాలేదు. పక్కనున్నామె కొంగుతో పట్టి తిప్పింది. రాలేదు. శాంసన్ తీసుకుని పళ్ళు బిగబట్టి లాగి, ఊపిరి వదిలి, "మెడ కాడ కొట్టున్రి, కొబ్బరికాయ కొట్టినట్టు," అన్నాడు.

రెబెకా సీసాను తీసుకుని భర్త ముందు పట్టింది.

"ఏమండి. తీసుడు మీకే ఎరుక గద," అన్నది.

సారు చేతులు చాచాడు. గ్లవ్స్ లేవు. శాంసన్‌ను అడిగి, తాళంచెవుల గుత్తికి ఉన్న గోళ్ళు తీసే కట్టర్ తీసుకున్నాడు. దారం టప్పున తెగింది, యాభై ఏళ్ళ ముడి అంత తేలిగ్గా తెగుతుందని ఆయన అనుకోలేదు. పొర విప్పాడు. సీసా మెడను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, చలికి కాచుకున్నట్టు నిలబడ్డాడు. వేడికి గాజు వదులవుతుందని ఆయనకు తెలుసు. అందరూ ఆయన ప్రార్థన చేస్తున్నాడనుకుని తలలు వంచారు. మూత ఒకసారి కిర్రుమని, చేతిలోకి వచ్చింది.

మొదటి వాసన తాను చూడాలనుకున్నాడు కదా. చూడలేదు. వంగి, ఆ మూతను తీసుకెళ్ళి హన్నా ముక్కు దగ్గర పెట్టాడు. చనిపోయినవాళ్ళకు వాసన తెలియదని ఆయనకు తెలుసు, సైన్సు చదివినవాడు. అయినా అలాగే పట్టుకుని, ఆమె ఏమంటుందోనని కాసేపు ఆగాడు. అప్పుడు వచ్చింది ఏడుపు. పదేళ్ళ పిల్లవాడికి వచ్చినట్టు వచ్చింది, ముక్కూ కళ్ళూ కలిసిపోయి, శబ్దంతో సహా.

ఏడుస్తూనే చల్లాడు. నుదుటి మీద, చేతుల మీద, తెల్లచీర మీద, వార్డుల్లో నలభై ఏళ్ళు తిరిగిన పాదాల మీద. సీసా వట్టిపోయేదాకా చల్లాడు. టెంటు కింద గులాబీ, మల్లె పక్కకు తప్పుకున్నాయి. మొదట ఎండిన నిమ్మతొక్క వాసన వచ్చింది, ఆ వెనక కొత్త తోలుచెప్పుల వాసన, కొంచెం పొగ. అదంతా దాటాక తియ్యగా, వెచ్చగా ఒకటి వచ్చి అక్కడే నిలబడింది.

శాంసన్ గట్టిగా ముక్కు ఎగబీల్చాడు.

"మంచిగున్నది బావా," అన్నాడు. "కేకు వాసన వస్తాంది. క్రిస్మస్ నాడు వచ్చినట్టు."

పుస్తకాల్లో దానికి చాలా పేర్లున్నాయి. సారుకు ఆ క్షణాన ఒక్కటీ గుర్తు రాలేదు. ఊపిరి గట్టిగా లోపలికి తీసుకుని, అవునన్నట్టు తల ఊపాడు.

సమాధుల దగ్గర్నుంచి వచ్చి, స్నానాలు చేసి, చాయ తాగుతున్నప్పుడు రెబెకా ఎదురుగా వచ్చి కూర్చున్నది. సారు గ్లాసులోకి చూస్తూ అడిగాడు.

"నీకు తెల్వక తెచ్చినవా?"

"ఆరేండ్ల సంది ఆ ఫ్రిజ్ తుడిచేది ఎవరు? అట్టపెట్టె లేపితే తెల్వదా బరువు? మీ గులాబీ సీస ఫినాయిల్ ఎనుక ఉన్నదని గుడ ఎరుకనే."

"మరి తెలిసే..."

"తెలిసే తెచ్చిన. వదినె అడిగింది. మీరు కథ చెప్పిన్రు. నేను గుమ్మంల నిలబడి విన్న." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకున్నది. "ఆ నాడే నేను తీసి ఆమె చేతుల పెట్టాల్సింది. మీ సీస అని భయపడ్డ. ఇగ నాకు జిందగంత అదే బాధ."

సారు ఆమెను తప్పు పట్టలేదు. తప్పు ఎవరిదో ఇద్దరికీ తెలుసు. ఆయన లేచి, ఆమె గ్లాసు కూడా తీసుకుని, పెళ్ళయిన తర్వాత మొదటిసారి, రెండు గ్లాసులూ కడిగిపెట్టాడు.

తర్వాతి వారం కాలేజీకి వెళ్ళాడు. వెళ్ళకూడదనే అనుకున్నాడు గాని, రెబెకా ఇస్త్రీ చేసిన చొక్కా కుర్చీ మీద వేసి పెట్టింది. హాలు నిండా ఆడపిల్లలున్నారు. శోభారాణి పరిచయం చేసింది. మొదటి స్లైడులో ఆయన పేరు ఉంది. రెండో స్లైడులో పద్దెనిమిది వందల ఇరవై ఎనిమిది ఉంది. బల్ల మీద ఎర్రగులాబీ అట్టపెట్టె, అందులో వట్టి సీసా. సారు ఆ సీసాను బయటికి తీసి పిల్లలకు కనబడేలా పట్టుకుని, గెర్లాన్ తాతగారు వైద్యం చదివినవాడని మొదలుపెట్టాడు.

ముందు బెంచీలోంచి స్నేహలత అనే అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, ఎట్లుంటది సార్ దాని వాసన?"

సారు నోరు తెరిచాడు. నలభై అయిదు నిమిషాల జవాబు నాలుక మీదికి వచ్చి నిలబడింది. ఆయన దాన్ని మింగేశాడు. వెళ్ళి ప్రొజెక్టర్ ఆపేసి, సీసా మూత తీసి, ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు.

"ముందు చూడు బిడ్డా. కథ తర్వాత."

సెంటు వట్టిపోయినా గాజులో వాసన ఉండిపోతుంది. సీసా బెంచీ వెంట బెంచీ పోయింది. ఒకమ్మాయి పాలబిస్కెట్లన్నది. ఒకమ్మాయి కొత్త స్కూలు బ్యాగన్నది. ములుగు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒకమ్మాయి చాలాసేపు పట్టుకుని, మళ్ళీ ఒకసారి వాసన చూసి పక్కకు అందించింది. సారు ఎవరినీ తప్పని సరిదిద్దలేదు. గంట అట్లాగే గడిచింది. అరవై రెండు స్లైడ్లు మిగిలిపోయాయి.

బెల్లు కొట్టాక శోభారాణి సీసాను జాగ్రత్తగా రెండు చేతులా తెచ్చి ఇచ్చింది.

"ఎక్కడిది సార్ ఇది? మీదేనా?"

"కాదమ్మా," అన్నాడు సుందర్ రావు. "మా అక్కది."

సీసాను అట్టపెట్టెలో పెట్టుకున్నాడు. మూత మాత్రం పెట్టలేదు, జేబులో వేసుకున్నాడు. బస్సులో పక్క సీటాయన రెండుమూడుసార్లు ఆ అట్టపెట్టె వైపు చూసి, ఇక ఆగలేక, అదేం వాసన సార్ అని అడిగాడు. సారు అట్టపెట్టె తెరిచి ఆయన ముందు పట్టాడు.